చిన్న ప్రమాదమే అయినా పిల్లల కార్ సీటు మార్చాలా?

కారుకు చిన్న దెబ్బ తగిలింది, అందులో పిల్లల సీట్లున్నాయి అని చెప్పగానే సలహా ఇచ్చేవాళ్ళు రెండు పక్షాలుగా చీలిపోతారు. "పిల్లలకేమీ కాలేదు కదా, ఇంక సీటుకేమవుతుంది" అంటుంది ఒక పక్షం. "పిల్లల దగ్గర లెక్కలు చూసుకుంటామా, మార్చి పారేయండి" అంటుంది రెండోది. రెండు మాటలూ ప్రేమతో వచ్చేవే. కానీ రెండింటిలోనూ సీటు ప్రసక్తి లేదు. మొదటి మాటలో ఉన్నది గండం గడిచిందన్న ఊరట, రెండో మాటలో ఉన్నది మళ్ళీ ఏమవుతుందోనన్న భయం. మరోసారి ప్రమాదం జరిగితే ఆ పట్టీలు నిలుస్తాయా, ఆ ప్లాస్టిక్ పగులుతుందా అన్న సంగతి మన ఊరటనూ పట్టించుకోదు, మన భయాన్నీ పట్టించుకోదు.

జరిగింది చిన్న ప్రమాదమా కాదా అన్నది మన మనసుకు అనిపించినదాన్ని బట్టి కాకుండా, ఎవరో స్థిమితంగా కూర్చుని ముందే రాసిపెట్టిన షరతులను బట్టి తేల్చుకోవాలని నా అభిప్రాయం. చిన్నదని తేలి, తయారీదారు కూడా అభ్యంతరం చెప్పకపోతే, పాత సీటునే వాడుకోవచ్చు. అలా వాడుకునే తల్లిదండ్రులను నిర్లక్ష్యం చేశారని వేలెత్తి చూపడం అన్యాయం. చిన్నదని తేలకపోతే మాత్రం, సీటు ఎంత కొత్తగా మెరుస్తున్నా, "ఏమీ అయి ఉండదులే" అని మన బుర్ర ఎంత బలంగా చెబుతున్నా, మార్చాల్సిందే. ఈ రెండో సగమే కష్టం. మా ఇంట్లో జరిగింది కూడా అదే కాబట్టి దాని గురించి ఎక్కువగా రాస్తాను.

ముందు ఆ సీటు చేసే పనేమిటో చూడాలి. పైన కనిపించే మెత్తటి గుడ్డ తీసేస్తే మిగిలేది గట్టి ప్లాస్టిక్ తొట్టి, దాని లోపలి అంచుల్లో తల దగ్గరా భుజాల దగ్గరా అతికించిన థర్మాకోల్, నేసిన పట్టీలు, బకిల్, కారుకు బిగించే కొక్కేలు. హెల్మెట్ లోపల ఉండే థర్మాకోల్ ఎందుకుంటుందో ఇక్కడా అందుకే ఉంటుంది: అది నలిగిపోతూ దెబ్బ తీవ్రతను తనలోకి తీసుకుంటుంది, ఒకసారి నలిగినది మళ్ళీ పొంగదు. పట్టీలు కొద్దిగా సాగుతూ బిడ్డను ఆపుతాయి. ప్లాస్టిక్ వంగుతుంది, అవసరమైతే కొన్ని చోట్ల చిట్లుతుంది కూడా. అంటే పెద్ద ప్రమాదంలో సీటు సరిగ్గా పనిచేసిందంటే అది కొంతవరకు పాడయిందనే అర్థం.

అమెరికాలో 213వ నంబరు ప్రమాణం ప్రకారం ఈ సీట్లను సుమారు 48 కిలోమీటర్ల వేగంతో ఎదురు దెబ్బ, అంటే ముందు వైపు నుంచి తగిలే దెబ్బ పరీక్షకు పెడతారు. ఐరోపాలో పాతదైన ఆర్44, దాని స్థానంలో వచ్చిన ఆర్129 నిబంధనల్లో ఆ వేగం 50 కిలోమీటర్లు. 48 కిలోమీటర్ల వేగంలో ఉన్న 12 కిలోల బిడ్డ సెకనులో పదో వంతు కాలంలో ఆగిపోవాలంటే, ఆ పట్టీలు ఆ కాసేపూ సగటున 160 కిలోల బరువును పట్టి ఆపినంత పని చేయాలి. గరిష్ఠంగా పడే లాగుడు ఇంకా ఎక్కువ ఉంటుంది. ఆ పరీక్షలో సీటు నెగ్గిందంటే ఒక్క ప్రమాదాన్ని తట్టుకుందని రుజువయింది. అదే సీటు రెండో ప్రమాదాన్నీ తట్టుకోవాలని ఆ ప్రమాణం అడగదు. "ఏ ప్రమాదం జరిగినా మార్చండి" అని కొందరు తయారీదారులు రాయడానికి మూలం ఇక్కడే ఉంది: తాము చూపించగల రుజువు ఒక్క దెబ్బ వరకే.

ఇక రెండో వైపు చూద్దాం. వేగం సగమైతే తాకిడి శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. 48 కిలోమీటర్ల పరీక్షతో పోలిస్తే 15 కిలోమీటర్ల తాకిడిలో ఉండే శక్తి పదో వంతు మాత్రమే. పైగా ఆగి ఉన్న మన కారును అంతే బరువున్న మరో కారు వెనక నుంచి గుద్దితే, ఆ కారు వేగమంతా మనకు రాదు. రమారమి సగమే వస్తుంది. గుద్దింది లారీ అయితే మాత్రం దాని వేగం దాదాపు మొత్తం మన కారుకు బదిలీ అవుతుంది, కాబట్టి "మెల్లగానే వచ్చి తగిలాడు" అన్న మాటకు గుద్దిన బండి ఏదన్నది తెలిస్తేనే విలువ. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ఇన్సూరెన్స్ కార్పొరేషన్ తొమ్మిది సీట్లను తీసుకుని, 15 కిలోమీటర్ల వేగపు తాకిడికి ఒకదాని తర్వాత ఒకటిగా 50 సార్లు గురిచేసింది. తర్వాత మూడింటిని పరిశీలిస్తే దెబ్బతిన్న జాడ కనిపించలేదు. మిగిలిన ఆరింటినీ 48 కిలోమీటర్ల ప్రమాణ పరీక్షకు పెడితే ఆరూ నెగ్గాయి. చిన్న తాకిడికే సీటు లోపల్లోపల డొల్లయిపోతుందన్న భయానికి ఇంతకంటే సూటి సమాధానం నాకు కనిపించలేదు.

ఇలాంటి ఆధారాల మీదే అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ తన సలహాను రూపొందించింది. ఒక మోస్తరు ప్రమాదమైనా, పెద్ద ప్రమాదమైనా సీటు మార్చాలి. చిన్న ప్రమాదమైతే తప్పనిసరిగా మార్చనక్కరలేదు. చిన్నదని అనాలంటే అయిదు షరతులూ ఒకేసారి నెగ్గాలి. ప్రమాద స్థలం నుంచి కారును నడుపుకుంటూ తీసుకురాగలిగి ఉండాలి. పిల్లల సీటుకు దగ్గరగా ఉన్న తలుపు దెబ్బతినకూడదు. కారులో ఉన్న ఎవరికీ గాయం కాకూడదు. కారులో ఎయిర్‌బ్యాగులుంటే అవి తెరుచుకోకూడదు. సీటు మీద కంటికి కనిపించే నష్టం ఉండకూడదు. నాలుగు నెగ్గాయి, ఒకటి పోయింది అంటే అది చిన్న ప్రమాదం కాదు. ఇక్కడ పాస్ మార్కులు లేవు.

మాకు రెండు అనుభవాలున్నాయి. మొదటిసారి పార్కింగులో ఒకాయన వెనక్కి తీస్తూ మా బంపరు మూలను గీరేసి వెళ్ళారు. మనిషి నడిచే వేగం కూడా లేదు. ఆ రాత్రి అయిదు షరతులూ చూసుకున్నాం, మాన్యువల్ చదువుకున్నాం, సీట్లను అలాగే ఉంచేశాం. ఆ నిర్ణయం గురించి ఇప్పటికీ నాకు ఏ సందేహమూ లేదు, అందులో ఇంతకు మించి చెప్పుకోవలసిందీ లేదు.

రెండోసారి సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా వెనక నుంచి ఒక కారు వచ్చి గుద్దింది. చిన్నది వెనక్కి తిరిగి కూర్చునే సీటులో ఉంది, పెద్దవాడు బూస్టరు మీద, అంటే కారు బెల్టు సరిగ్గా పట్టేలా పిల్లలను ఎత్తుగా కూర్చోబెట్టే సీటు మీద ఉన్నాడు. వాడు బెదిరి ఏడ్చాడు, అదేమో కళ్ళింత చేసి చూసింది. డిక్కీ మూత కొద్దిగా వంగింది, బంపరు చీలింది, కారు మాత్రం మామూలుగానే నడిచింది. తలుపులు బాగున్నాయి, ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు, ఎవరికీ నొప్పి లేదు. ఇంటికి వచ్చి సీట్లు విప్పి చూసుకుంటే అవీ బాగున్నాయి. ఆ సాయంత్రానికి అయిదు షరతులూ నెగ్గినట్టే లెక్క.

మర్నాడు పొద్దున్న మా వారు పళ్ళు తోముకుంటూ, నేను పిలిస్తే ఇటు తిరగబోయి, మెడ సగం దాకా వచ్చి ఆగిపోయి, ఒళ్ళంతా కలిపి తిప్పుకుని నా వైపు చూశారు. డాక్టరు చూసి, ఎముకకేమీ కాలేదు, కండరం బెణికింది, కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది అన్నారు. వెనక నుంచి గుద్దిన ప్రమాదాల్లో మెడ నొప్పి మర్నాటికి గానీ బయటపడకపోవడం చాలా మామూలు విషయం. అందుకే రోడ్డు మీద నిలబడి "ఎవరికీ ఏమీ కాలేదు" అని తేల్చడం ఎప్పుడూ తొందరపాటే; ఆ షరతుకు సమాధానం ఒకటి రెండు రోజులు ఆగి రాసుకోవాలి.

ఇక వాదన మొదలయింది. ముందు సీటులో కూర్చున్న పెద్దమనిషి మెడ పట్టేస్తే, వెనక సీటులో ఉన్న ప్లాస్టిక్ తొట్టికి దానితో ఏం సంబంధం? ఈ ప్రశ్న వేసింది మా వారే, ఆ ప్రశ్నలో తర్కం లేకపోలేదు. నిజం చెప్పాలంటే ఆ సీట్లు బాగానే ఉండి ఉంటాయని నేనూ నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. అయినా రెండూ మార్చాం.

ఎందుకంటే ఆ అయిదు షరతుల్లో నాలుగు సీటును నేరుగా చూసేవి కావు. మన ఇంట్లో ఎక్స్‌రే యంత్రం లేదు, కారుకు తగిలిన తాకిడి ఎంతో కొలిచే సాధనం మన చేతిలో లేదు. అందుకని తాకిడి ఎంత బలంగా ఉండి ఉంటుందో బయటి గుర్తులను బట్టి అంచనా వేయడానికి ఆ షరతులు పెట్టారు. కారు కదలలేకపోవడం ఒక గుర్తు. తలుపు నొక్కుకుపోవడం మరొకటి. అది సీటు పక్కనే బలం పడిందని చెబుతుంది. మనిషి మెడ కూడా అలాంటి కొలసాధనమే: ఒక పెద్దమనిషి మెడ కండరం బెణికేంత కుదుపు కారులో పుట్టిందని అది చెబుతోంది. ఆ కుదుపు ముందు సీటు దగ్గర ఆగిపోయి వెనక సీటును వదిలేయలేదు కదా.

ఇందులో ఎయిర్‌బ్యాగు షరతు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది దాని మీదే ఎక్కువ భరోసా పెట్టుకుంటారు. ముందరి ఎయిర్‌బ్యాగులు ఎదురు దెబ్బల కోసం పెట్టినవి. అమెరికాలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ చెప్పే ప్రకారం, బెల్టు పెట్టుకోని మనిషి కోసం అవి గట్టి గోడను గంటకు 16 నుంచి 19 కిలోమీటర్ల వేగంతో గుద్దినంత తాకిడికి తెరుచుకుంటాయి. బెల్టు పెట్టుకున్నవారి కోసమైతే చాలా కార్లలో ఆ హద్దు సుమారు 26 కిలోమీటర్లు. వెనక నుంచి ఎంత గట్టిగా గుద్దినా అవి సాధారణంగా తెరుచుకోవు. అంటే మాకు జరిగినలాంటి ప్రమాదంలో ఎయిర్‌బ్యాగు షరతు నెగ్గడం వల్ల మాకు తెలిసింది దాదాపు శూన్యం. ఆ ఖాళీని పూరించగలిగిన గుర్తు మా వారి మెడ ఒక్కటే. దాన్నే పక్కన పెట్టేస్తే ఇంక మేము దేన్ని బట్టి నిర్ణయించినట్టు?

ఇంకో సంగతి. వెనక్కి తిరిగి ఉన్న సీటులో, ఎదురు దెబ్బ తగిలితే బిడ్డ వీపు తొట్టిలోకి ఒత్తుకుంటుంది. బలమంతా వెడల్పుగా తొట్టి మీద పరుచుకుంటుంది. వెనక దెబ్బలో అది తలకిందులవుతుంది. సీటు కారు సీటు వీపు వైపుకు లేస్తుంది, బిడ్డ బరువును పట్టీలు పట్టుకోవాలి. మా చిన్నదానికి జరిగింది అదే. ముఖ్యంగా పనిచేసింది పట్టీలు, బకిల్, వాటిని తొట్టికి కలిపే చోటు, అంటే గుడ్డ కింద దాగి ఉండి కంటికి అంతగా ఆనని భాగాలు.

సీటును చూడటమంటే ఏమిటో కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది గుడ్డ మీద చెయ్యి వేసి నిమిరి, బాగానే ఉంది అనేస్తారు. సీటును కారులోంచి బయటికి తీయాలి. గుడ్డ విప్పాలి. థర్మాకోల్ మీద వేలితో ఒత్తకుండా మెల్లగా రాస్తూ పోతే వెంట్రుకవాసి చీలిక కూడా వేలికి తగులుతుంది. కారు బెల్టు దూరే దారి దగ్గర ప్లాస్టిక్‌ను వెలుగులో పెట్టి పక్కవాటుగా చూడాలి. ఎక్కువ బలం పడి వంగిన చోట ముదురు రంగు ప్లాస్టిక్ తెల్లగా పాలిపోయి, గీతల్లా కనిపిస్తుంది. పట్టీల అంచుల్లో దారపు పోగులు లేచాయా, బకిల్ లోపలికి వెళ్ళినప్పుడు ఎప్పటిలాగే టిక్కుమంటోందా, కింది కొక్కేలు వంగాయా అన్నవి చూడాలి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంక ఆలోచించవలసింది లేదు. ఏదీ కనిపించకపోతే మాత్రం ఆ అయిదింటిలో ఒక్క షరతే నెగ్గిందని అర్థం, అంతకుమించి ఏమీ కాదు. కనిపించకపోవడాన్ని లేకపోవడంగా తీసుకోకూడదనే కదా మిగతా నాలుగు షరతులు పెట్టింది.

అప్పుడే కారు బెల్టులను కూడా చూడమని చెప్పండి. సీటు గురించి ఇంత మథనపడి, ఆ సీటును పట్టి ఉంచిన బెల్టునూ, కారులో ఉన్న ఇనుప కొక్కేలనూ మెకానిక్‌కు చూపించకుండా వదిలేసేవాళ్ళు చాలామంది.

ఇక మాన్యువల్ విషయం. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ చెప్పింది సాధారణ సలహా. కొనుక్కున్న సీటు మీద చివరి మాట దాన్ని తయారుచేసినవారిది, ఆ సంస్థ కూడా అదే చెబుతుంది. కొందరు తయారీదారులు ఆ అయిదు షరతులనే తమ మాన్యువల్‌లో పెట్టుకుంటారు. కొందరు ఎంత చిన్న ప్రమాదమైనా మార్చమంటారు, అందులో బిడ్డ కూర్చుని ఉన్నా లేకున్నా. ఇదంతా మరో సీటు అమ్ముకోవడానికే అన్న అనుమానం చాలామందికి ఉంది, నాకూ కొంత ఉంది. ఖాళీ సీటు విషయంలో ఆ అనుమానం మరింత బలపడుతుంది: బిడ్డ బరువు లేనప్పుడు లోపలి పట్టీల మీద పడే లాగుడు నామమాత్రం. కానీ ఆ కంపెనీ ఏ ప్లాస్టిక్ వాడిందో, ఎంత మందంతో పోసిందో, ఎక్కడ బలం ఎక్కువ పడుతుందో తెలిసినవాళ్ళు వాళ్ళే. వాళ్ళ మాట కాదని నేను సీటు వాడితే నా వాదన ఎంత చక్కగా ఉన్నా దాని వెనక పరీక్ష లేదు. నాకు నచ్చని నియమాన్ని పాటించడం నాకు ఇబ్బందే. అయినా అది సీటు కొనేముందు మాన్యువల్ చదివి తేల్చుకోవలసిన ఇబ్బంది, గుద్దిన తర్వాత బేరమాడవలసింది కాదు. కొత్త సీట్లు ఎంచుకునేటప్పుడు మేము మొదట తెరిచి చూసింది ఆ పేజీనే.

ఇంత చెప్పాక, ప్రతి గీతకూ మార్చేయాలనే పక్షాన్ని కూడా ఊరికే వదలను. మార్చడం వల్ల వచ్చే నష్టమేమీ లేదన్నట్టు వాళ్ళు మాట్లాడతారు. కొత్త సీటు ఖర్చు అందరికీ ఒకేలా తగలదు. చిన్న గీతకు కూడా మార్చాల్సిందేనని భయపెడితే, కొనలేనివాళ్ళు చేసే పని మంచి పాత సీటును పక్కన పెట్టి, చరిత్ర తెలియని ఎవరిదో పాత సీటు తెచ్చుకోవడం. అదే అసలు ప్రమాదం. పైగా కొత్త సీటంటే కొత్తగా బిగించడం. అలవాటైన సీటును కళ్ళు మూసుకుని బిగించగలిగిన చేతులే కొత్తదాన్ని వదులుగా వదిలేస్తాయి. వదులుగా ఉన్న కొత్త సీటు కంటే, చిన్న ప్రమాదం చూసి అయిదు షరతులూ నెగ్గి గట్టిగా బిగిసి ఉన్న పాత సీటు మేలు.

ఇన్సూరెన్స్ వాళ్ళతో మాట్లాడేటప్పుడు అడిగితే తప్ప సీట్ల సంగతి రాదు. సర్వేయర్ వచ్చి బంపరు, డిక్కీ, లైట్లు రాసుకుని, "ఇంకేమైనా ఉన్నాయా మేడమ్" అని కాగితం మూయబోయారు. సీట్లు అనగానే "అవి కారు పార్టులు కావు కదండీ" అన్నారు. వాదించకుండా మాన్యువల్‌లోని పేజీ, డాక్టరు చీటీ, సీట్ల వెనక ఉన్న తయారీ లేబుళ్ళ ఫోటోలు పంపించాం, క్లెయిములో చేర్చారు. కాలిఫోర్నియా రాష్ట్రంలో అయితే, ప్రమాద సమయంలో బిడ్డ కూర్చుని ఉన్న సీటును మార్చే ఖర్చును బీమా భరించాలని చట్టంలోనే ఉంది. చట్టం లేని చోట కూడా అడగడం మన వంతు, ఎందుకంటే ఆ సీటు అవసరం కారు లైటు అవసరం కంటే తక్కువది కాదు.

తీసేసిన సీటును చెత్తకుండీ పక్కన అలాగే పెట్టకూడదు. చూడటానికి బాగుంటుంది కాబట్టి ఎవరో ఒకరు తీసుకువెళ్ళి వాడేస్తారు. పట్టీలు కత్తిరించి, గుడ్డ చింపి, తొట్టి మీద చెరగని మార్కరుతో "ప్రమాదంలో వాడినది, పనికిరాదు" అని పెద్దగా రాసి పడేశాం. బూస్టరు విషయంలో మా వారు మళ్ళీ తటపటాయించారు, దానికి పట్టీలు కూడా లేవు కదా అని. కానీ షరతులు సీటు రకాన్ని బట్టి మారవు. దాని అడుగు భాగం మీదే పెద్దవాడి బరువంతా పడింది, కారు బెల్టు దాని కొమ్ముల కిందుగానే లాగింది.

ఇక, కొత్త సీట్లు వచ్చేదాకా మధ్యలో ఉన్న రోజుల సంగతి. మార్చాలని నిర్ణయించాం కాబట్టి ఇప్పుడే పాత సీటు తీసేసి బిడ్డను ఒళ్ళో పెట్టుకుంటాం అనేవాళ్ళను చూశాను. అంతకంటే పెద్ద పొరపాటు లేదు. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ లెక్క ప్రకారం కార్లలో సరైన సీటు వాడకం ఏడాది లోపు పిల్లల్లో ప్రాణాపాయాన్ని 71 శాతం, ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల్లో 54 శాతం తగ్గిస్తుంది. సందేహం ఉన్న సీటులో ఆ రక్షణ కొంత తగ్గి ఉండవచ్చు. ఒళ్ళో మాత్రం అది అసలే లేదు. అందుకని వీలైనంతవరకు ప్రయాణాలు మానుకున్నాం, తప్పనప్పుడు పిల్లలను పాత సీట్లలోనే, పట్టీలు మరింత జాగ్రత్తగా సరిచూసి కూర్చోబెట్టాం, కొత్తవి వచ్చి బిగించిన తర్వాతే పాతవాటి పట్టీలకు కత్తెర పెట్టాం.